గాల్వెస్టను ఉప్పెన

అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున మెక్సికో సింధుశాఖ కలదు. మూడువైపుల భూమి ఆవరించియుండుటచే ఈ జలరాశి వేసవి తుదకు మిక్కిలి వేడెక్కును. టెక్ససు, లూసియానా, ఫ్లోరిడా మొదలగు రాష్ట్రముల తీరవాసులకు ఆగస్టు, సెప్టెంబరు మాసములు కలవరముతో గడచును. ఆ దినములలో సముద్రముపై పుట్టి వచ్చు పెనుగాలివానకు అచ్చట హరికేను అని పేరు. కరిబియను దీవుల ఆదిమవాసుల భాషనుండి ఆ పదము వచ్చినది. మన బంగాళాఖాతములో పుట్టు తుపానును, అచ్చటి హరికేనును ఒక్క జాతివే. ఇట్టి గాలివానలకు 'సైక్లోను' అను పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టను కలకత్తాలో నివసించినవాడు. పాము చుట్టచుట్టుకొన్న రీతిని తెలుపు గ్రీకు మాటను ఆధారముగా గొని, 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున ఆ పదమును ప్రయోగించెను. గోదావరీముఖమున నున్న కోరంగి రేవును 1789లో ముంచివేసిన ఉప్పెనను గూర్చియు ఆయన వ్రాసియున్నాడు.

అట్లాంటికులో హరికేనుల ఋతువు జూను 1 మొదలు నవంబరు 30 వరకు అని లెక్క. కాని వానిలో బలమైనవి ఆగస్టు నడిమినుండి అక్టోబరు నడిమివరకే ఎక్కువగా పుట్టును. సెప్టెంబరు 10వ తేదీ ప్రాంతము ఉచ్చదశ. ఉత్తరార్ధగోళమున సూర్యుని తీక్ష్ణత జూనులోనే హెచ్చు గదా, హరికేనులు సెప్టెంబరు వరకు ఏల ఆగవలెనని సందేహము కలుగవచ్చును. గిన్నెడు నీరు పొయ్యిపై పెట్టినంతనే కాగును. పెండ్లివంటల గుండిగలోని నీరు కాగుటకు చాలసేపు పట్టును. కాగిన పిమ్మట అది త్వరగా చల్లారదు. సముద్రమును అట్టిదే. వేసవియంతయు త్రాగిన ఎండ దానిలో నిలువయై, వేసవి తుదకే పూర్తిగా తేలును. జలము పైపొర ఇంచుమించు 26 లేక 27 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కిననే గాని హరికేనుకు ఆహారము దొరకదు. ఆ వేడినీటినుండి లేచిన ఆవిరి పైకిపోయి మేఘమగునపుడు విడుచు ఉష్ణమే దాని బలము. కనుకనే నేలపైకి రాగానే అది నీరసించును. అది తిరుగుటకు భూభ్రమణము కారణము. అందుచేత భూమధ్యరేఖకు మరీ చేరువలో ఇవి పుట్టవు.

ఆఫ్రికా పడమటితీరమున బయలుదేరిన అల్పపీడనము మహాసముద్రమును దాటి, బలపడి, కరిబియను దీవులను కొట్టి ఎటు తిరుగునన్నదే తీరవాసుల ప్రాణములకు సంబంధించిన ప్రశ్న. ఉత్తరమునకు మరలి ఫ్లోరిడా మీదుగా సముద్రములో కలసిపోవునా, లేక పడమటికి సాగి సింధుశాఖలో ప్రవేశించునా? ఈ ప్రశ్నకు 1900 సంవత్సరమున ఇచ్చిన తప్పు సమాధానమువలన గాల్వెస్టను నగరము నశించినది.

గాల్వెస్టను టెక్ససు తీరమున ఒక సన్నని ఇసుకదీవిపై వెలసిన రేవుపట్టణము. ఆనాడు సుమారు 38 వేలమంది జనము, ప్రత్తి ఎగుమతి, మేడలు, ట్రాముబండ్లు కలిగి అది మిక్కిలి వైభవముతో నుండెను. అయినను నగరమున మిక్కిలి ఎత్తైన చోటు సముద్రమట్టమునకు 9 అడుగులైనను లేదు. ఆ తీరముననే యున్న ఇండియనోలా అను మరియొక రేవు 1875లోను, 1886లోను వచ్చిన రెండు తుపానులకు పాడై, జనులచే విడువబడినది. దానిని చూచి గాల్వెస్టను ప్రజలలో కొందరు సముద్రమునకు అడ్డుగోడ కట్టవలెనని వాదించిరి. కట్టలేదు. ప్రభుత్వ వాతావరణశాఖ తరఫున అచ్చట నున్న ఐజాక్ క్లైను అను ఉద్యోగి 1891లో పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, ఆ భయము నిరాధారమనెను. తీరమున సముద్రపునేల మెల్లగా పల్లమగుచున్నది గాన, పెద్ద అలలు దూరముననే విరిగిపోవునని ఆయన తర్కము. చూచుటకు ఇది యుక్తియుక్తముగానే యున్నది. కాని ఉప్పెన యనునది మామూలు అల కాదు. గాలి నెట్టుకొనివచ్చు నీరు లోతైన సముద్రములో క్రిందికి జారిపోగలదు. లోతు లేని చోట దానికి పోవుటకు త్రోవ లేక గట్టుపైకే ఎక్కును. మెట్టగా నున్న సముద్రపునేల రక్ష కాదు, ఉప్పెనకు నిచ్చెన. క్లైను విద్వాంసుడే, శ్రద్ధగల ఉద్యోగియే. అయినను నగరవాసులు వినగోరిన మాటనే ఆయన చెప్పెను.

క్యూబాలోని హవానా నగరమున బెలెన్ అను పరిశీలనాలయము కలదు. దానిని క్రైస్తవ సన్యాసులు నడపుచుండిరి. 1870 మొదలు 1893 వరకు దాని అధిపతియైన బెనితో వీన్యెస్ ఎత్తున పారు పింఛములవంటి తెల్లని మేఘముల పోకడను, భారమితిలో కలుగు మార్పులను దినదినమును గుర్తించి, దూరమున నున్న హరికేను జాడ చెప్పు విద్యను సాధించెను. 1875 సెప్టెంబరులో ఆయన ముందుగా చేసిన హెచ్చరిక నిజమైనది. ఆయన అనంతరము శిష్యులును అదే మార్గమున నడచిరి. 1898 యుద్ధము తరువాత క్యూబా అమెరికను సేనల వశమయ్యెను. అమెరికను వాతావరణశాఖవారికి క్యూబా పరిశీలకులు ఊరక జనులను బెదరించువారని చులకన. తమ మాటకు పోటీగా మరియొక మాట వెలువడరాదని వారు యత్నించి, 1900 ఆగస్టు చివర క్యూబా పరిశీలకుల వాతావరణ వార్తలు తంతిద్వారా పోకుండ నిలుపు చేయించిరి. ప్రకృతి సమయమును చూచుకొన్నట్లు, సరిగా ఆ దినములలోనే ఒక గాలివాన కరిబియను సముద్రములో ప్రవేశించినది.

సెప్టెంబరు మొదటివారమున అది క్యూబాపై కుండపోతగా వాన కురిపించి ముందుకు సాగెను. అది ఉత్తరమునకు తిరిగి ఫ్లోరిడామీదుగా పోవునని వాషింగ్టను కార్యాలయము చాటించెను. అది వాయవ్యమునకు, టెక్ససు వైపునకు పోవునని హవానాలో తలచిరి. ఆ తలంపు గాల్వెస్టనుకు చేరలేదు. 7వ తేదీన నగరమున తుపాను జెండా నెత్తిరి గాని, రానున్న విపత్తు ఎంతటిదో ఎవ్వరికిని తెలియదు.

8వ తేదీ శనివారము. తెల్లవారుసరికి దక్షిణపు వీధులలో సముద్రపు నీరు ప్రవేశించెను. గాలి ఉత్తరమునుండి, అనగా నేలమీదినుండి వీచుచున్నది. ఎదురుగాలికి నీరు వెనుకకు పోవలసినది పోయి పైకి వచ్చుచుండుట క్లైనును కలవరపెట్టెను. అట్టిది పూర్వము చూడలేదని ఆయన పైకార్యాలయమునకు తంతి నిచ్చెను. వాషింగ్టను అనుమతి లేనిదే హరికేను హెచ్చరిక చేయరాదని శాసనము. అయినను తాను దాని కాగక, బండిపై తీరము వెంబడి పోయి, జనులను ఎత్తైన తావులకు పొమ్మని చెప్పితినని ఆయన తరువాత వ్రాసుకొనెను. కొందరు పోయిరి. అనేకులు, పిల్లలతో సహా, అలల అందమును చూచుటకు తీరమునకే వచ్చిరి! మధ్యాహ్నము తరువాత దీవిని నేలతో కలుపు వంతెనలు పోయెను. గాలివేగమును కొలుచు యంత్రము గంటకు 100 మైళ్లు చూపిన పిమ్మట ఎగిరిపోయెను. సాయంకాలము క్లైను తన ఇంటివాకిట నిలిచియుండగా, కొన్ని క్షణములలోనే నీరు నాలుగడుగులు పెరిగెను. గట్టిగా కట్టిన ఆయన యింట సుమారు 50 మంది తలదాచుకొనిరి. కొట్టుకొనివచ్చిన దుంగలు, పట్టాలు తాకి ఆ ఇల్లు కూలగా, వారిలో 18 మంది మాత్రమే బ్రదికిరి. క్లైనును, ఆయన ముగ్గురు కుమార్తెలును బ్రదికిరి, భార్య మరణించెను.

సముద్రపుటొడ్డున ఒక అనాథశరణాలయము కలదు. అందలి సన్యాసినులు చిన్నపిల్లలు నీటిపాలు కాకుండ బట్టలారవేయు త్రాళ్లతో వారిని తమ నడుములకు కట్టుకొనిరి. పదిమంది సన్యాసినులును, 90 మంది పిల్లలును చనిపోయిరి. ముగ్గురు బాలురు మాత్రము ఒక చెట్టును పట్టుకొని దక్కిరి.

ఆనాటి ఉప్పెన 15 అడుగులకు మించినది. మృతుల సంఖ్య ఎవ్వరును సరిగా లెక్కింపలేకపోయిరి. ఆరువేలకు తక్కువ కాదు, ఎనిమిదివేలని సాధారణముగా చెప్పుదురు. అమెరికా చరిత్రలో ప్రకృతివలన ఇంత ప్రాణనష్టము మరియెన్నడును కలుగలేదు.

మిగిలినవారు దీవిని విడువలేదు. 1902 మొదలు 1904 వరకు 17 అడుగుల ఎత్తున అడ్డుగోడ కట్టిరి. అంతటితో తృప్తి చెందక నగరము నేలమట్టమునే పెంచిరి. రెండువేలకు పైగా కట్టడములను మరజాకీలతో పైకెత్తి, సముద్రగర్భమునుండి తోడిన ఇసుకనీటిని గొట్టములద్వారా వాని క్రింద నింపిరి. ఆ సంవత్సరములలో ప్రజలు ఎత్తుగా కట్టిన పలకలదారులపై నడచుచు, తమ నిత్యకృత్యములు జరుపుకొనిరి. 1915 ఆగస్టులో దాదాపు అంతటి హరికేనే వచ్చెను. గోడ నిలిచెను, నగరములో చనిపోయినవారు బహుకొలదిమంది.

1943 జూలైలో యుద్ధకారణమున ఓడలు వార్తలు పంపుట మానియుండెను. శత్రువునకు తెలియునను భయముచే తుపాను వార్తలనుకూడ అణచిరి. ఆ సమయముననే గాల్వెస్టను ప్రాంతమునకు ఒక హరికేను వచ్చి 19 మందిని చంపెను. ఆ జూలై 27న జోసెఫ్ డక్‌వర్త్ అను సైనికాధికారి ఒక చిన్న విమానమును ఆ హరికేను నడిబొడ్డుననున్న ప్రశాంతమైన 'కన్ను'లోనికి నడపి, క్షేమముగా తిరిగివచ్చెను. బుద్ధిపూర్వకముగా హరికేనులోనికి విమానము నడుపుట అదియే ప్రథమము. నేడు ప్రత్యేక విమానములు అదే పనిని నియమముగా చేయుచున్నవి. 1960 ఏప్రిలులో తొలి వాతావరణ ఉపగ్రహము ఆకాశమున కెగసిన తరువాత, నడిసముద్రమున పుట్టిన సుడియైనను మరుగుపడుట లేదు.

ఇప్పుడు మయామీలోని జాతీయ హరికేను కేంద్రమువారు ఆరేసి గంటల కొకమారు సూచనలు వెలువరింతురు. గాలులు తాకుటకు 48 గంటలు ముందుగా మెలకువ సూచన, 36 గంటలు ముందుగా హెచ్చరిక ఇత్తురు. పటమున హరికేను త్రోవను ఒక్క గీతగా గాక, ముందుకు పోనుపోను వెడల్పగు శంఖాకారముగా చూపుదురు. ఇంచుమించు మూడింట రెండువంతుల సందర్భములలో తుపాను కేంద్రము ఆ హద్దులోపల పోవును; మూడవవంతు బయటికి పోవును. అనేకులు ఆ ఆకారము వెలుపల నున్న తమ ఊరికి భయము లేదనుకొందురు. అది పొరపాటు. అది కేంద్రము నడచు త్రోవకు హద్దు గాని, ఉప్పెనకు, వానకు హద్దు కాదు.

హరికేనులకు గాలిబలమునుబట్టి 1 మొదలు 5 వరకు తరగతులు కలవు. 2008 సెప్టెంబరు 13న గాల్వెస్టనును తాకిన 'ఐక్' రెండవ తరగతిది మాత్రమే. రెండవదే గదా యని ఇండ్లలో నిలిచినవారు కలరు. కాని అది మిక్కిలి విశాలమైన హరికేను. గాలికంటె ముందుగా, వెనుకటి దినముననే, నీరు లోతట్టునకు వచ్చినది. సముద్రమువైపు గోడ యుండగా, వెనుకనున్న అఖాతమువైపునుండి నీరు నగరములో చొచ్చెను. ప్రక్కనున్న బొలివరు ద్వీపకల్పమున గిల్‌క్రైస్ట్ అను ఊరిలో ఇండ్లన్నియు తుడిచిపెట్టుకొనిపోగా, ఎత్తైన స్తంభములపై కట్టిన ఒక ఇల్లు సముద్రమువైపున నిలిచియుండుట విమానములనుండి తీసిన చిత్రములలో కానవచ్చెను. ఆ అఖాతపు ముఖమున, గాల్వెస్టనునకు బొలివరునకు నడుమ, ఉప్పెన వచ్చునపుడు మూసివేయగల గొప్ప ద్వారములు కట్టవలెనను ప్రణాళికకు అమెరికా కాంగ్రెసు 2022 డిసెంబరులో ఆమోదము తెలిపినది.