పాఠం 12 : శాస్త్ర పరిశోధనల ప్రచురణ – పాటించవలసిన నీతి

ఈ పాఠం చదివిన తరువాత మీరు, ఒక పరిశోధనా పత్రం అచ్చు కావడానికి ముందు ఏమి జరగాలో, అది జరగకపోతే నష్టపోయేది ఎవరో వివరించగలుగుతారు. ‘అంతర్జాతీయ పత్రికలో ప్రచురితమైంది’ అన్న మాట ఎక్కడైనా కనబడితే ఏమేమి అడిగి తెలుసుకోవాలో కూడా చెప్పగలుగుతారు.

12.1 ఉపోద్ఘాతం

చక్కెర వ్యాధికి పొడులు, కీళ్ల నొప్పులకు తైలాలు అమ్మే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్నింటి కింద ‘శాస్త్రీయంగా నిరూపితం, అంతర్జాతీయ పత్రికలో ప్రచురితం’ అని ఉంటుంది. అచ్చులో వచ్చిన మాట మీద మనకు గౌరవం ఎక్కువ. ఆ వాక్యం చూసి డాక్టరు రాసిన మాత్రలు మానేసి పొడి కొనుక్కునేవాళ్లు ఉన్నారు. మరి ఆ పత్రిక ఏది? అందులో ఎవరు ఏమి పరిశీలించి అచ్చువేశారు? ఈ పాఠమంతా ఆ ప్రశ్న గురించే.

12.2 పరిశోధనా పత్రం ఎలా అచ్చవుతుంది?

పరిశోధకుడు తాను చేసిన ప్రయోగాన్ని, వాడిన పద్ధతిని, వచ్చిన కొలతలను, వాటి నుంచి తేల్చిన విషయాన్ని రాసి పత్రికకు పంపుతాడు. సంపాదకుడు దానిని వెంటనే అచ్చుకు పంపడు. అదే విషయంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపి అభిప్రాయం అడుగుతాడు. దీనినే తోటి నిపుణుల సమీక్ష లేదా పీర్ రివ్యూ అంటారు. చాలా పత్రికలలో సమీక్షకులెవరో రచయితకు తెలియనివ్వరు. ఈ పనికి సాధారణంగా వాళ్లకు డబ్బు ముట్టదు. పద్ధతి సరైనదేనా, కొలతలు చాలినన్ని ఉన్నాయా, చెప్పిన ముగింపుకు ఆ కొలతలు ఆధారమవుతాయా అని వాళ్లు చూస్తారు. సవరణలు కోరతారు. అవసరమైతే పత్రాన్ని తిప్పి పంపమంటారు. దీనికి నెలలు పడుతుంది.

మీలో కొందరు బిలాస్‌పూర్, ఉస్లాపూర్ రైల్వే కాలనీలలో ఉంటూ ఈ పాఠాలు చదువుతూ ఉండవచ్చు. మీకు ఇది తేలికగా అర్థమవుతుంది. పాత బ్లాక్ పద్ధతిలో, ఉస్లాపూర్ నుంచి ఘుట్కూ వైపు బండి వదలాలంటే ఉస్లాపూర్ స్టేషన్ మాస్టరు ఒక్కడే నిర్ణయించడానికి వీల్లేదు. ముందరి స్టేషనును అడగాలి. అక్కడి మాస్టరు దారి ఖాళీగా ఉందని చూసుకొని లైన్ క్లియర్ ఇవ్వాలి. అడిగేవాడు వేరు, ఇచ్చేవాడు వేరు. భద్రత అంతా ఈ తేడాలోనే ఉంది. శాస్త్ర పత్రికలలో సమీక్ష చేసే పని కూడా ఇదే.

అయితే ఒక పరిమితిని గుర్తుంచుకోండి. సమీక్షకుడు ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడడు. కాగితం మీద ఉన్నదానినే చూస్తాడు. అంకెలు నిజమైనవేనన్న నమ్మకంతోనే అతని పని మొదలవుతుంది.

పాఠగత ప్రశ్న : సమీక్షకుడి పేరు రచయితకు తెలియకుండా ఉంచడం వల్ల లాభమేమిటి? రెండు వాక్యాలలో రాయండి.

12.3 లైన్ క్లియర్ అమ్ముకుంటే : హైదరాబాదు ఉదంతం

పూర్వం పత్రికల ఖర్చు గ్రంథాలయాలు కట్టే చందాల మీద నడిచేది. చందాలు విపరీతంగా పెరిగి చిన్న విశ్వవిద్యాలయాలు పత్రికలు కొనలేని స్థితి వచ్చింది. అందుకని ‘ఓపెన్ యాక్సెస్’ అనే పద్ధతి వచ్చింది. అందులో పత్రాలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ప్రచురణ ఖర్చును చాలాచోట్ల రచయితగానీ, అతని సంస్థగానీ భరిస్తుంది. ఆలోచన మంచిదే, దాని మేలు పేదదేశాల విద్యార్థులకు బాగా తెలుసు. చిక్కు ఒక్కటే : అంగీకరించిన ప్రతి పత్రానికీ ప్రచురణకర్తకు రాబడి వస్తుంది, తిప్పి పంపిన పత్రానికి రాదు.

దీనికి తోడు మన దేశంలో మరొకటి జరిగింది. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా కనీసం ఒక పత్రమైనా ప్రచురించి ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2009లో నిబంధన పెట్టింది. 2010 నుంచి అధ్యాపకుల పదోన్నతికి కూడా పత్రాలను లెక్కించి పాయింట్లు వేశారు. ఉద్దేశం పరిశోధన పెంచడమే కావచ్చు. ఫలితంగా పెరిగింది మాత్రం అచ్చుకు గిరాకీ. పత్రం ఎంత మంచిదని కాక, ఎన్ని ఉన్నాయని అడిగే చోట అమ్మేవాళ్లు తప్పక పుడతారు. పిహెచ్.డి. నిబంధనను యు.జి.సి. 2022లో తొలగించింది.

హైదరాబాదులో 2007లో ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మొదలైంది. కొద్ది సంవత్సరాలలోనే వందలాది పత్రికలు, దేశదేశాలలో సదస్సులు నడిపే స్థాయికి ఎదిగింది. 2016 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానిమీద నెవాడా రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ఆరోపణలు ఇవి : రుసుము సంగతి ముందుగా స్పష్టంగా చెప్పకుండా, పత్రం అంగీకరించాక బిల్లు పంపడం; రచయిత వెనక్కు తీసుకుంటానంటే ఒప్పుకోకపోవడం; సరైన సమీక్ష లేకుండానే సమీక్ష జరిగిందని చెప్పుకోవడం; ఒప్పుకోని పండితుల పేర్లను సంపాదకులుగా, సదస్సు వక్తలుగా చూపడం. సంస్థ వీటిని ఖండించింది. 2019 మార్చిలో కోర్టు కమిషన్ పక్షాన తీర్పు చెప్పి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని ఆదేశించింది. ఆనాటి మారకం ప్రకారం అది సుమారు 350 కోట్ల రూపాయలు.

రెండవ ఆరోపణను మరొకసారి చదవండి. పత్రాన్ని ఒకసారికి ఒకే పత్రికకు పంపాలన్నది ప్రచురణ నీతిలో ముఖ్యమైన నియమం. కాబట్టి తన పత్రం చెడ్డచోట చిక్కుకుందని తెలుసుకున్న రచయిత, వాళ్లు వదిలితే తప్ప మరొక పత్రికకు పంపలేడు. అయిదేళ్ల శ్రమ అక్కడే పాతుకుపోతుంది. నష్టపోయినవారిలో మోసగాళ్లతో పాటు తెలియక పంపిన నిజాయితీపరులైన విద్యార్థులు కూడా ఉంటారన్నది మరచిపోకూడదు.

ఇటువంటి పత్రికలు ఒక్క హైదరాబాదుకే పరిమితం కావు. జాన్ బొహానన్ అనే విలేఖరి కావాలనే తప్పులతో నిండిన ఒక దొంగ పత్రాన్ని తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ పత్రికలకు పంపాడు. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఫలితం ప్రకటించేనాటికి 157 పత్రికలు దానిని అంగీకరించాయి! యు.జి.సి. 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. తరువాత ‘కేర్’ అనే కొత్త జాబితా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో దానిని కూడా నిలిపివేసి, పత్రికల మంచిచెడ్డలు చూసే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది.

పాఠగత ప్రశ్న : పత్రం పంపిన నాలుగు రోజులకే ‘అంగీకరించాము, రుసుము కట్టండి’ అని జవాబు వస్తే మీకు కలిగే అనుమానమేమిటి?

12.4 లేని అంకెలు, ఎరువు అంకెలు

పత్రిక మంచిదే అయినా రచయిత తప్పు చేయవచ్చు. చేయని ప్రయోగానికి అంకెలు కల్పించడం ఒక తప్పు. వచ్చిన అంకెలను కావలసినట్టు మార్చడం మరొకటి. ఇంకొకరి పనిని తనదిగా చూపడం గ్రంథచౌర్యం.

1998లో బ్రిటన్‌లోని ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, అతని సహచరులు 12 మంది పిల్లల గురించి ఒక పత్రం ప్రచురించారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకాకూ ఆటిజమ్‌కూ సంబంధం ఉండవచ్చన్న భయం దానివల్ల పుట్టింది. వేలాది తల్లిదండ్రులు టీకా మానిపించారు. పిల్లల వివరాలు ఆసుపత్రి రికార్డులతో సరిపోలడం లేదని, టీకా కంపెనీల మీద దావా తయారుచేస్తున్న న్యాయవాదుల నుంచి వేక్‌ఫీల్డ్ డబ్బు తీసుకున్న సంగతి దాచాడని తరువాత బయటపడింది. పత్రిక 2010 ఫిబ్రవరిలో ఆ పత్రాన్ని ఉపసంహరించింది. అచ్చయిన పన్నెండేళ్లకు! పత్రం పోయింది గాని భయం ఇంకా పోలేదు.

మన తిరుపతిలో జరిగినది వేరొక రకం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004 – 2007 మధ్య ప్రచురించిన సుమారు 70 పత్రాలు ఇతరుల పనిని కాపీ చేసినవని, లేదా కల్పితమైనవని 2008లో వెల్లడైంది. పేరున్న పత్రికలే వాటిని అచ్చువేశాయి, ఆ పైన కొన్ని పత్రికలు ఉపసంహరించుకున్నాయి.

గ్రంథచౌర్యం గురించి యు.జి.సి. 2018 నిబంధనలు కొలత పెట్టాయి. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరునెలల లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఒక సంవత్సరం దాకా సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే నమోదే రద్దవుతుంది. ఈ లెక్క తేల్చేది కంప్యూటరు. అది మాటల పోలికను పట్టుకుంటుందిగాని, మాటలు మార్చి తీసుకున్న ఆలోచనను అంత సులువుగా పట్టుకోలేదు.

ఇది పెద్ద చదువుల వాళ్ల సంగతి అనుకోకండి. లోలకం ప్రయోగంలో జవాబు సెకనుకు సెకనుకు 981 సెంటీమీటర్లకు దగ్గరగా రావాలని తెలుసు కనుక, జవాబు నుంచి వెనక్కు లెక్కకట్టి రీడింగులు నింపే అలవాటు మన ప్రయోగశాలల్లో పాతదే. మీ రికార్డులో 940 వస్తే 940 అనే రాయండి. దారం పొడవు కొలవడంలోనో, డోలనాలు లెక్కపెట్టడంలోనో తేడా ఎక్కడ వచ్చిందో దాని కింద రాయండి. పరీక్షకుడికి ఆ వివరణ వల్లనే మీరు ప్రయోగం చేశారని తెలుస్తుంది.

12.5 పేరు ఎవరిది?

పత్రం మీద ఎవరి పేరుండాలన్నది కూడా నీతికి సంబంధించినదే. పనిచేయని అధికారి పేరు చేర్చడం ఎంత తప్పో, పనిచేసినవాని పేరు వదిలేయడం అంత తప్పు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. 1925లో ఇద్దరి పేర్లతో అచ్చయిన భాస్వరం కొలిచే పద్ధతికి ‘ఫిస్కే – సుబ్బారావు పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. పేరు దక్కిన కథ ఇది. దక్కనిది కూడా ఉంది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదని, అసూయే దానికి కారణంలా ఉందని, చాలా ఏళ్లకు ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందని 1988 నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పాడు. ఒక మనిషికి కీర్తి తగ్గడం ఒక్కటే అయితే అది వ్యక్తిగత విషయం. ఇక్కడ ఔషధ పరిశోధనకే కొన్నేళ్లు వృథా అయ్యాయి.

పాఠాంత ప్రశ్నలు

1. రచయిత నుంచి రుసుము తీసుకునే పత్రికలన్నీ మోసపు పత్రికలే అనవచ్చునా? కారణాలతో రాయండి.

2. వేక్‌ఫీల్డ్ ఉదంతంలోని తప్పుకూ, తిరుపతి ఉదంతంలోని తప్పుకూ భేదమేమిటి? ప్రజలకు దేనివల్ల ఎక్కువ హాని జరిగిందని మీరు భావిస్తున్నారు?

3. మీ ఊళ్లో కనిపించిన ఒక మందు ప్రకటనను తీసుకోండి. అందులో పత్రిక పేరు, సంవత్సరం, రచయితల పేర్లు ఉన్నాయేమో చూడండి. లేకపోతే వాటిని అడుగుతూ ఆ కంపెనీకి అయిదు వాక్యాల ఉత్తరం రాసి, మీ సంపర్క తరగతికి తీసుకురండి.