కలిసి అడిగితే

మన మధురవాడకు దగ్గరలోనే రుషికొండ బీచ్ ఉంది. భీమిలి వైపు వెళ్తే తొట్లకొండ వస్తుంది. వీటిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్లనే పర్యాటకులు అంటారు.

పర్యాటకుడు బస్సెక్కుతాడు. హోటల్లో దిగుతాడు. ఆటో మాట్లాడుకుంటాడు. ఇసుకలో నిలబడి మొక్కజొన్న పొత్తు కొంటాడు. ఒక్క మనిషి వస్తే ఇంతమందికి పని. హోటల్లో దుప్పట్లు ఉతికే అక్కకూ దీని మీదే బతుకు. పొత్తులు కాల్చే అత్తకూ దీని మీదే బతుకు.

ఆ మనిషి రాకపోతే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టింది. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు ఆగాయి. హోటళ్లు మూశారు. బండి కదిలితేనే పొయ్యి వెలిగే ఇళ్లు కష్టాల్లో పడ్డాయి.

పెద్ద వ్యాపారులు ఏం చేశారు?

హోటళ్ల వాళ్లకు ఒక సంఘం ఉంది. టూర్లు నడిపే వాళ్లకు ఇంకొకటి ఉంది. ట్రావెల్ ఏజెంట్ల సంఘమైతే 1951 నుంచీ ఉంది. వ్యాపారంలో వీళ్లలో వీళ్లకే పోటీ. అయినా ఇలాంటి పది సంఘాలు కలిసి 'ఫెయిత్' అనే సమాఖ్య పెట్టుకున్నాయి. కరోనా కాలంలో ఫెయిత్ అందరి తరఫునా కేంద్ర ప్రభుత్వాన్ని సాయం అడిగింది. అడిగిందంతా రాలేదు. కానీ 2021 జూన్ 28న కేంద్రం ఒక పథకం ప్రకటించింది. ట్రావెల్ ఏజెన్సీకి 10 లక్షల దాకా, గైడుకు లక్ష దాకా ప్రభుత్వ హామీతో అప్పు ఇస్తామన్నది. అయితే ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్లకే ఆ అప్పు. అంటే, పేరు రాసి ఉన్నవాళ్లకే.

మరి పొత్తులు కాల్చే అత్త తరఫున ఎవరు అడుగుతారు?

చిన్న వ్యాపారులూ సంఘాలు పెట్టుకున్నారు. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ గారు 'సేవ' అనే ఆడవాళ్ల సంఘం స్థాపించారు. 1998లో వీధి వ్యాపారులకు 'నాస్వి' అనే జాతీయ సంఘం వచ్చింది. ఏళ్ల తరబడి అడగ్గా, 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది.

ఆ చట్టం ఏం చెబుతుంది?

● వీధి వ్యాపారుల పేర్లు సర్వేలో రాయాలి. అర్హులకు వ్యాపార పత్రం ఇవ్వాలి.
● సర్వే ముగిసి, పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు.
● పట్టణ కమిటీలో పదిమంది ఉంటే, కనీసం నలుగురు వ్యాపారులు ఎన్నుకున్న వాళ్లే ఉండాలి. వ్యాపారుల తరఫున వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

2020 జూన్‌లో వీధి వ్యాపారులకు 10 వేల రూపాయల అప్పు ఇచ్చే 'స్వనిధి' పథకం పెట్టారు. సర్వేలో పేరున్న వాళ్లకు అది సులువైంది. పేరు లేనివాళ్లు మునిసిపాలిటీ నుంచి సిఫారసు ఉత్తరం తెచ్చుకోవాల్సి వచ్చింది.

కలిసి అడగడం మన ఆడవాళ్లకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా వద్దన్నారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు.

మనమూ అడుగుదాం. ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆటోల వాళ్లనూ, హోటల్ పనివాళ్లనూ పిలవాలి. అందరికీ కావలసినవి రెండే రెండు ఎంచుకోవాలి. అర్జీ రాయాలి. ఒకరు వేలిముద్ర వేస్తే, పక్కనున్న వాళ్లు ఆమె పేరు రాసి పెట్టాలి. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు లేకపోతే అర్జీ ఇచ్చినట్టు రుజువేదీ?

చదవండి

మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

అయ్యా,

మేము రుషికొండ దగ్గర పని చేసుకుని బతుకుతున్నాము. బండ్లు పెట్టుకున్న మా అందరి పేర్లూ సర్వేలో రాయించండి. మాకూ, బీచ్‌కు వచ్చే ఆడవాళ్లకూ శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు ఏర్పాటు చేయించండి.

ఇట్లు,
(పేర్లు, సంతకాలు, తేదీ)

కమిషనర్ ఆడవారైతే 'అయ్యా' బదులు 'అమ్మా' అని రాయండి.

ఆలోచించండి, చెప్పండి

1. పోటీ ఉన్న వ్యాపారులు ఎందుకు కలిశారు?
2. సర్వేలో పేరు ఉంటే ఏం లాభం?
3. మీ వీధిలో పర్యాటకుల వల్ల పని దొరికేవాళ్లు ఎవరెవరు? వాళ్లు చేసే పనులు పలక మీద రాయండి.