కళాశాలల బాస్కెట్‌బాలు పందెములును ఆటగాండ్ర భృతియును

సాయంకాలపు గంట మ్రోగిన వెంటనే మన బాలబాలికలు పరుగెత్తునది బాస్కెట్‌బాలు స్తంభముల కడకే. ఈ యాట మన దేశమునకు వచ్చిన త్రోవ చాలమందికి తెలియదు. 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణమున వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్సు నెయిస్మిత్తు అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. చలికాలమున ఇంటిలోపల ఆడుటకు తగిన యాట యొకటి కావలయునని పైయధికారి కోరగా, ఆయన 13 నియమములు వ్రాసి, పీచి పండ్ల బుట్టలు రెండింటిని పది యడుగుల యెత్తున మేడవసారా అంచునకు కొట్టించి, 18 మంది విద్యార్థులను తొమ్మిదేసి చొప్పున రెండు జట్లుగా నిలిపెను. బుట్టలకు అడుగు ఉండుటచే బంతి పడినప్పుడెల్ల ఒకరు నిచ్చెన నెక్కి తీయవలసి వచ్చెను. ఆ స్ప్రింగుఫీల్డునందే చదివిన హెచ్.సి. బక్కుగారు 1920లో మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిరి. అచట తరిఫీదు పొందిన డ్రిల్లు మాష్టర్లు నాటి మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకును వచ్చిరి.

అయితే మేము ఇచట చెప్పదలచినది ఆట నేర్పును గూర్చి కాదు. చదువుకొనుచు ఆడు విద్యార్థికి అన్నము, పుస్తకములు, ధనము ఎవరు ఈయవలెను, ఎంతవరకు ఈయవచ్చును అను ప్రశ్నను గూర్చి. మా వసతిగృహమున పందెముల దినములలో ఆటగాండ్రకు రెండు కోడిగ్రుడ్లును గ్లాసెడు పాలును అధికముగా నిచ్చినపుడు తక్కిన పిల్లలు సణగిరి. అట్టి సణుగుడే అమెరికాలో నూరేండ్లకు మించి సాగి సుప్రీం కోర్టు దాక పోయినది.

అచటి కళాశాలల క్రీడలకు నియమములు ఏర్పరచు సంఘము నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. దీనిని ఎన్.సి.ఏ.ఏ. అందురు. ఫుట్‌బాలు ఆటలో విద్యార్థులు దెబ్బలు తిని మరణించుచుండగా, ఆ యాటను సంస్కరింపవలెనని 1906లో ఇది పుట్టెను. ఈ సంఘము వారి మొదటి బాస్కెట్‌బాలు టోర్నమెంటు 1939లో జరిగెను. ఎనిమిది జట్లు మాత్రమే ఆడినవి. కడపటి పందెమున ఒరెగాను జట్టు ఒహాయో స్టేటు జట్టును 46–33 తేడాతో గెలిచెను. ఆటను కల్పించిన నెయిస్మిత్తు ఆ యేటి నవంబరులోనే మరణించెను. 1985లో జట్ల సంఖ్య 64కును, 2011లో 68కిని పెరిగెను. స్త్రీలకు ఈ సంఘము టోర్నమెంటు నేర్పరచుట 1982లోగాని జరుగలేదు.

ఇచట గణితము తరగతి పిల్లలకు ఒక చిన్న లెక్క. ఈ టోర్నమెంటున ఒక్కసారి ఓడిన జట్టు ఇంటికి పోవలసినదే. 64 జట్లున్నచో విజేత తేలుటకు ఎన్ని పందెములు కావలెను? కొందరు 32, 16, 8 అని కూడుచు పోదురు. అంత శ్రమ అక్కరలేదు. ప్రతి పందెమునను ఒక జట్టు తొలగును. 63 జట్లు తొలగవలెను. కావున 63 పందెములు. 68 జట్లకు ఎన్నియో మీరే చెప్పుడు.

ప్రాంతీయ కూటములలో గెలిచిన జట్లకు నేరుగా ప్రవేశము కలుగును. తక్కినవారిని ఒక కమిటీ యెన్నుకొని, నాలుగు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమున 1 మొదలు 16 వరకు బలమునుబట్టి వరుస సంఖ్య లిచ్చును. మొదటి సంఖ్య గల జట్టు పదునారవ జట్టుతో తలపడును. పురుషుల పందెములలో 2018 వరకు పదునారవ జట్టు ఒక్కసారియు గెలువలేదు. ఆ యేడు మేరీలాండు విశ్వవిద్యాలయపు బాల్టిమోరు కౌంటీ శాఖ జట్టు వర్జీనియా జట్టును 74–54తో ఓడించెను. నవ్వులపాలైన ఆ వర్జీనియా వారే మరుసటి యేడు టోర్నమెంటు గెలిచిరి. మాకు ఈ రెండవ సంగతియే ఎక్కువ ఇష్టము.

ఇక భృతి మాట. విద్యార్థి ఆట కొరకు ఆడవలెను గాని కూలి కొరకు కాదనునది మొదటి సిద్ధాంతము. ఆచరణలో మాత్రము మంచి ఆటగానికి కళాశాలలు చాటుగా ధనమిచ్చుచుండెను. దీనిని అరికట్టుటకు 1948లో సంఘము వారు ఒక కట్టడి చేసిరి. బీదవాడైనచో ఫీజు మాత్రము ఈయవచ్చును, భోజనమునకు వాడు పని చేసికొనవలెనని దాని సారాంశము. 1950లో దీనిని మీరిన ఏడు విద్యాసంస్థలను వెళ్లగొట్టవలెనని ఓటు పెట్టగా, కావలసిన మూడింట రెండు వంతుల బలము దొరకలేదు. మరుసటి యేడే ఆ కట్టడి రద్దయ్యెను. పిదప 1956లో ఫీజు, గది, భోజనము, పుస్తకములు, బట్టలుతుకు ఖర్చునకు నెలకు 15 డాలర్లు ఈయవచ్చునని ఒప్పుకొనిరి.

ఆ దినములలోనే ‘విద్యార్థి క్రీడాకారుడు’ అను మాట పుట్టెను. ఇది వినుటకు ముచ్చటగా నుండును గాని దాని పుట్టుక వేరు. 1955లో కొలరాడో రాష్ట్రమున ఒక ఫుట్‌బాలు ఆటగాడు తలకు దెబ్బ తగిలి మరణింపగా, అతని భార్య పనివారికిచ్చు నష్టపరిహారము కోరెను. 1957లో ఆ రాష్ట్రపు సుప్రీం కోర్టు ఈయనక్కరలేదనెను. ఆటగాడు కళాశాలకు పనివాడని యెవరును అనకుండుటకే ఆ పేరు పెట్టితిమని చాలకాలము సంఘమున కార్యనిర్వాహకుడుగా నున్న వాల్టరు బయర్సు 1995లో తన పుస్తకమున ఒప్పుకొనెను. 1973లో మరియొక మార్పు జరిగెను: నాలుగేండ్ల భృతికి బదులు ఏటేట మరల ఈయదగిన భృతి. కాలు విరిగిన బాలునికి మరుసటి యేడు అది దొరకునను నమ్మకము లేకపోయెను. మా యభిప్రాయమున ఈ నియమములన్నింటిలో మిక్కిలి కఠినమైనది ఇదియే. 2012లో దీనిని సడలించిరి.

భోజనపు నియమములు వినిన నవ్వు వచ్చును. భోజనముల నడుమ బేగెలు అను చక్రాకారపు రొట్టె నీయవచ్చును గాని, దానిపై వెన్నజున్ను పూసినచో అది భోజనమై నిషిద్ధమగునని ఒక కాలమున ఉండెను. 2014 ఏప్రిలులో కనెక్టికటు జట్టును గెలిపించిన షబాజు నేపియరు, తాను కొన్ని రాత్రులు ఆకలితో పరుండుటయు కలదని విలేఖరులతో చెప్పెను. మార్పు అంతకు మునుపే ప్రతిపాదింపబడియున్నను, సంఘము వారు కొలది దినములలోనే భోజనమునకు పరిమితి తొలగించిరి. ఆ టోర్నమెంటును చూపుటకు టెలివిజను సంస్థలు 2010లో 14 ఏండ్లకు 1,080 కోట్ల డాలర్లకు ఒడంబడిక చేసికొనియుండెనని ఎరిగినవారికి ఆ బాలుని మాట ఎట్లు వినబడెనో వేరుగా చెప్పనక్కరలేదు.

కోర్టు వ్యవహారము 1995లో గెలిచిన యు.సి.ఎల్.ఏ. జట్టువాడగు ఎడ్ ఒబానను దావాతో ముదిరెను. ఒక వీడియో ఆటలో తన రూపమును తనకు పైకమీయకయే వాడుకొనిరని చూచి, 2009లో అతడు దావా వేసెను. 2021 జూను 21న అల్‌స్టను వ్యాజ్యమున సుప్రీం కోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకముగా, చదువునకు సంబంధించిన సహాయములకు సంఘము హద్దు పెట్టరాదనిరి. జూలై 1 మొదలు ఆటగాండ్రు తమ పేరును, రూపమును ప్రకటనలకిచ్చి ధనము గడించుకొనుటకు సెలవు దొరకెను. 2025 జూను 6న ఆమోదింపబడిన రాజీచే, 2025–26లో ఒక్కొక్క కళాశాల సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాండ్రకు నేరుగా పంచవచ్చునని తేలెను.

దీనివలన చిక్కులు లేవని మేము అనము. 2024లో చదువున వెనుకబడనివాడు ఎన్ని పర్యాయములైనను కళాశాల మారి వెంటనే ఆడవచ్చునని నియమమయ్యెను. ఏటికొక కళాశాల మారువానికి ఏ ఉపాధ్యాయుడు నాలుగు మాటలు నేర్పగలడు? అయినను అన్నమును, వైద్యమును, గాయపడినవాని చదువును బహుమానములలో లెక్కించుట తప్పనియే మా నమ్మకము. వసతిగృహపు కోడిగ్రుడ్లను గూర్చి మేము పిల్లలకు ఇదే చెప్పితిమి; సణుగుడు ఆగలేదు.

రాజీయు అందరిని తృప్తిపరుపలేదు. వెనుకటి నష్టమునకై ఈయదలచిన 280 కోట్ల డాలర్లలో హెచ్చు భాగము పురుషుల ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు ఆటగాండ్రకే పోవుచున్నదని, ఇది విద్యాలయములలో స్త్రీ పురుష సమత్వమును విధించు 1972 నాటి చట్టమునకు విరుద్ధమని, కొందరు స్త్రీ క్రీడాకారిణులు 2025 జూనులోనే అప్పీలు చేసిరి. దానితో వెనుకటి బాకీల చెల్లింపు నిలిపివేయబడెను.