తలసీమియా: 11వ క్రోమోజోమ్‌లో దాగిన లోపం

తీవ్ర రక్తహీనతతో బాధపడే పిల్లల్లో తలసీమియా వ్యాధిని 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ వర్ణించాడు. బీటా తలసీమియాకు మూలం 11వ క్రోమోజోమ్‌పై ఉండే హెచ్‌బీబీ జన్యువులోని మార్పు. ఆల్ఫా రకానికి 16వ క్రోమోజోమ్.

తలసీమియా ఆటోసోమ్‌ల (లింగేతర క్రోమోజోమ్‌ల) ద్వారా సంక్రమించే అంతర్గత లక్షణం. హీమోఫీలియాలా ఎక్స్ క్రోమోజోమ్‌తో ముడిపడింది కాదు. పరీక్షలు రాసే అభ్యర్థులు తడబడేది ఇక్కడే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకులయ్యే అవకాశం 50 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదనుకోవడం ప్రమాదకరమైన అపోహ.

వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే కనిపిస్తారు. రక్తంలో హీమోగ్లోబిన్ ఏ2 స్థాయి 3.5 శాతం దాటితే బీటా తలసీమియా వాహకులని అనుమానించాలి. పెళ్లికి ముందు పరీక్షలతో సైప్రస్ కొత్త కేసులను దాదాపు సున్నాకు తెచ్చింది.

బీటా తలసీమియాకు వాడే, క్రిస్పర్ జన్యు సవరణ ఆధారిత క్యాస్‌జెవీ చికిత్సకు 2023 నవంబరులో తొలి అనుమతి ఇచ్చిన దేశం బ్రిటన్.