రాగికి కళాయి: పాత కంప్యూటర్ బోర్డులో బయటపడ్డ ట్రేస్‌ని కాపాడటం ఎలా?

పాత కంప్యూటర్లు దేనివల్ల పాడవుతాయి అని అడిగితే మనం ప్రాసెసర్ అనో, హార్డ్ డిస్క్ అనో అంటాం. కానీ 1980ల చివర్లో, 90ల మొదట్లో వచ్చిన చాలా బోర్డుల ప్రాణం తీసింది టైమ్ గుర్తుపెట్టుకోవడానికి పెట్టిన ఒక చిన్న బ్యాటరీ. 1987లో వచ్చిన కమడోర్ వాళ్ల అమిగా 2000నే తీసుకోండి. అందులో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని నేరుగా మదర్‌బోర్డుకే సోల్డర్ చేశారు, అది కూడా ప్రాసెసర్ సాకెట్‌కి దగ్గర్లో. అప్పటి 386, 486 పీసీ బోర్డుల్లో కూడా చాలావాటిలో ఇదే పద్ధతి. ఏళ్లు గడిచాక ఆ బ్యాటరీ కారుతుంది. కమడోర్ 1994లోనే దివాలా తీసింది కాబట్టి కంపెనీ నుంచి ఇంకో బోర్డు రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే.

ఇలాంటి రిపేర్‌లో అందరికీ వచ్చే డౌట్ ఒకటే: గీకి క్లీన్ చేశాక బయటపడ్డ రాగి మీద ఏం పూయాలి? దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ పూత కింద ఏం మిగిలిపోతోంది?

అసలు లోపల ఏం జరుగుతుంది?

బోర్డు మీద మనకి కనిపించే ఆకుపచ్చ పొర పేరు సోల్డర్ మాస్క్. దాని కింద సిగ్నల్ నడిచే రాగి గీతే ట్రేస్. మామూలుగా దాని మందం సుమారు 35 మైక్రాన్లు, అంటే దాదాపు తల వెంట్రుకలో సగం. బ్యాటరీ నుంచి కారేదాన్ని చాలామంది యాసిడ్ అంటారు కానీ అది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. మాస్క్‌లో చిన్న సందు దొరికితే చాలు, వయాల గుండా, ఐసీ సాకెట్ల కిందకి పాకిపోతుంది. దానికి గాలిలో తేమ తోడైతే రాగికి చిలుం పడుతుంది. అమ్మమ్మ వాళ్లింట్లో రాగి చెంబుకి పట్టే పచ్చటి చిలుం లాంటిదే ఇది. చెంబు మందంగా ఉంటుంది కాబట్టి తోమితే సరిపోతుంది. 35 మైక్రాన్ల గీతని చిలుం తినేస్తే తోమడానికి ఏమీ మిగలదు.

ముందు కడగాలి

బ్యాటరీ తీసేయండి. కారిన చోట ఇయర్ బడ్‌తో తెల్ల వెనిగర్ అద్దండి. వెనిగర్‌లోని యాసిడ్ ఆ క్షారాన్ని న్యూట్రలైజ్ చేస్తుంది, కొన్నిసార్లు బుడగలు కూడా వస్తాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. చింతపండుతో తోమిన చెంబుని నీళ్లతో సరిగ్గా కడగకపోతే ఏమవుతుందో తెలుసు కదా, మళ్లీ మచ్చలు పడతాయి. వెనిగర్ కూడా అంతే, వదిలేస్తే రాగిని అది తింటుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. (చింతపండు మాత్రం బోర్డు మీద ట్రై చేయకండి!)

ఇప్పుడు మాస్క్‌ని గమనించండి. ఎక్కడైనా ఉబ్బినా, దాని కింద గీత నల్లగా కనిపించినా, చిలుం ఇంకా లోపల ఉన్నట్టే. ఫైబర్ గ్లాస్ పెన్‌తోనో బ్లేడుతోనో మెల్లగా గీకుతూ, రెండు వైపులా మెరిసే రాగి వచ్చేదాకా వెళ్లాలి. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ముక్కుకి మాస్క్ పెట్టుకోండి, బోర్డుని కాస్త తడిగా ఉంచండి. తర్వాత మల్టీమీటర్‌తో ప్రతి ట్రేస్‌నీ ఈ చివర నుంచి ఆ చివరకి చెక్ చేయండి. బీప్ వస్తే చాలనుకోవద్దు. సగం తెగిన గీతకి కూడా బీప్ వస్తుంది కాబట్టి ఓమ్స్ రీడింగ్ చూసి, పక్కనున్న మంచి ట్రేస్‌తో పోల్చండి.

కళాయి వేయడం

ఇత్తడి గిన్నెల లోపల తగరం పూయడాన్ని మనవాళ్లు కళాయి వేయడం అంటారు. పులుపు తగిలి చిలుం పట్టకుండా ఆ పూత ఆపుతుంది. కళాయి వేసేవాళ్లు గిన్నెని ముందు బాగా తోమి, వేడిచేసి, నవాసాగరం చల్లి, ఆ తర్వాతే తగరం రుద్దుతారు. ఎలక్ట్రానిక్స్‌లో టిన్నింగ్ అంటే ఇదే పని. నవాసాగరం బదులు రోజిన్ ఫ్లక్స్, కొలిమి బదులు సోల్డరింగ్ ఐరన్. మురికి రాగికి సోల్డర్ అంటుకోదు, ముద్దలా జారిపోతుంది. అంటే టిన్నింగ్ ఒక టెస్ట్ కూడా: సోల్డర్ పల్చగా పరుచుకుంటే మీరు బాగా క్లీన్ చేసినట్టు.

63/37 సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కాబట్టి ఐరన్‌ని ఒకేచోట ఎక్కువసేపు ఆనించకండి, వేడికి ట్రేస్ బోర్డు నుంచి లేచిపోతుంది. పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ అస్సలు వద్దు. పని అయ్యాక మిగిలిన ఫ్లక్స్‌ని కూడా ఆల్కహాల్‌తో తీసేయాలి.

పైన ఏం పూయాలి?

యూవీ సోల్డర్ మాస్క్: గట్టిగా నిలుస్తుంది, చూడ్డానికి ఒరిజినల్‌లా ఉంటుంది. పల్చటి పొరలుగా వేసి, ఒక్కో పొరని యూవీ లైట్ కింద గట్టిపడనివ్వాలి. ఒకేసారి మందంగా వేస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మళ్లీ తీయాలంటే గీకాల్సిందే.

యాక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్: పెద్ద ఏరియాకి బాగుంటుంది. రేపు ఇంకెవరైనా రిపేర్ చేయాలంటే సాల్వెంట్‌తో తీసేయొచ్చు.

నెయిల్ పాలిష్: అర్జెంట్‌కి పనికొస్తుంది. కానీ పెళుసుగా ఉంటుంది, సోల్డరింగ్ వేడికి తట్టుకోదు. దాన్ని తీసే అసిటోన్ పక్కనున్న కొన్ని ప్లాస్టిక్ భాగాల్ని కూడా కరిగించేస్తుంది.

చిన్న ట్రేస్‌లకైతే నా ఓటు పల్చటి కళాయి, దాని మీద యూవీ మాస్క్. ఏది వేసినా సాకెట్ల లోపల, కనెక్టర్ల పిన్నుల మీద, ఎక్స్‌పాన్షన్ కార్డు చివరుండే బంగారు పూత పట్టీల మీద పడకూడదు. అవి ఒకదాన్నొకటి తాకితేనే కరెంట్ పారుతుంది. ముందే అక్కడ కాప్టన్ టేప్ అంటించండి.

కింద క్షారం మిగిలుంటే ఎంత ఖరీదైన పూతైనా దాన్ని లోపలే దాచిపెడుతుంది. చిలుం తన పని తాను చేసుకుపోతుంది, మనకి మాత్రం కనిపించదు. అందుకే పూసే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఆరు నెలలకోసారి బోర్డు తెరిచి పోల్చి చూడండి. నేర్చుకోవడానికి మాత్రం అమిగాతో మొదలుపెట్టకండి. పాడైపోయిన రౌటర్ బోర్డు ఒకటి తెచ్చుకుని, దాని మీద పది ట్రేస్‌లు గీకి, కళాయి వేసి, మాస్క్ పూసి చూడండి. పదోది నీట్‌గా వచ్చాక పాత బోర్డు మీద చెయ్యి వేయొచ్చు.