నోటిలో పిల్లలను పెంచు చేప

చేప గుడ్లు పెట్టి వెడలిపోవునేగాని పిల్లలను సాకదని సామాన్యముగా తలంతుము. బొచ్చె, రోహు చేపల విషయమున నిది నిజమే. అవి వరదనీటిలో లక్షలకొలది గుడ్లను విడుచును. బ్రతికి బట్టకట్టునవి బహుకొద్ది. దీనికి భిన్నమైన మార్గము త్రొక్కినది తిలాపియా. జిలేబి యని తెలుగునాట పిలువబడు నీ చేప నోటిలోనే పిల్లలను పెంచును. దీని జాతులలో ఆఫ్రికాకు చెందిన మొజాంబిక్ తిలాపియా 1952లో మన దేశమునకు తేబడినది.

ఈ జాతి మగచేప లోతు తక్కువగల చోట నేలను తొలచి పళ్ళెమువంటి గుంటను చేయును. ఆడచేప అందు గుడ్లుపెట్టగా, మగచేప శుక్రమును విడుచును. వెంటనే తల్లి గుడ్లను నోటిలోనికి తీసికొనును. సాధారణముగా వాని సంఖ్య కొన్ని వందలు మాత్రమే.

తల్లి దవడల కదలికచే గుడ్లు నీటిలో దొర్లుచుండును; అందుచే వానికి ప్రాణవాయువు లభించును, బూజు పట్టదు. వెచ్చని నీటిలో 3 నుండి 5 దినములలో గుడ్డు చిట్లును. వెలువడిన పిల్ల ఈదలేదు. పొట్టక్రింది సొనసంచియే దానికి ఆహారము. సొన ఇంకి, వాజములు బలపడి, సుమారు 10 నుండి 14 దినములకు పిల్లలు వెలుపలికి వచ్చును. అపాయము తోచినచో మరల తల్లి నోటదూరును. ఇంతకాలము తల్లి దాదాపు నిరాహారమే. మన సముద్రతీరపు జెల్లలలో కొన్నింటియందు ఈ భారము తండ్రిది.

అయితే ఈ వాత్సల్యమే చెరువులకు చిక్కు తెచ్చినది. బొచ్చె, రోహులు నిలువనీటిలో సహజముగా గుడ్లుపెట్టవు. వాని పిల్లలను మత్స్యకారులు తెచ్చి విడువవలెను. తిలాపియాకు ఆ అవసరము లేదు. రెండుమూడు నెలలకే ఈడేరి, ఏటా పలుమార్లు ఈనును. చెరువు క్రిక్కిరిసి, మేత చాలక తానును గిడసబారును, తోటి చేపలకును మేత తగ్గించును. అందుచేతనే 1959లో దీని వ్యాప్తిని మన దేశమున నిషేధించిరి. కాని అది అప్పటికే చేయి దాటినది.

2016లో తెలంగాణ ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకము నారంభించినది. జహీరాబాదు ప్రాంతపు చెరువులపై బ్రతుకు కుటుంబములకు ఆ పిల్లలే పెట్టుబడి. నోటినిండ పిల్లలున్న ఒక్క తల్లి తిలాపియా క్రొత్త కుంటలో పడినను చాలును, అచట దాని వంశము నెలకొనును. కావున వేడుకకైనను ఒక చెరువు చేపను వేరొక చెరువులో విడువకుందము. జీవశాస్త్రము చదివిన మనము ఊరివారికి ఈ మాత్రము చెప్పగలిగినచో మన చదువు సార్థకమగును.