పాత పెట్రోలు జీపులో ఇంధనపు లోపములను కనుగొను విధము

యుద్ధకాలమున 1941 నుండి 1945 వరకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు సైన్యము కొరకు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. యుద్ధానంతరము మన దేశమున మహీంద్రా కంపెనీ విల్లీస్ నమూనా జీపులను మొదట కూర్చి, పిమ్మట తయారుచేయసాగెను. ఆ జాతికి చెందిన పాత పెట్రోలు జీపులు కొన్ని నేటికిని రైతుల కొట్టములలో నిలిచియున్నవి. వీని నిర్మాణము సరళము. చేతనున్న రెండు మూడు పనిముట్లతో యజమానియే చాలవరకు వీనిని బాగుచేసికొనవచ్చును.

అయినను ఇట్టి జీపు దారిలో ఆగినప్పుడు తరచుగా జరుగునదేమనగా, మొట్టమొదట కార్బురేటరును విప్పుదురు. దానిని కడిగి బిగింతురు. జీపు కదలనిచో క్రొత్త కార్బురేటరు కొందురు. అప్పటికిని లోపము పోదు. ఏలయనగా అది కార్బురేటరులో లేదు. ట్యాంకు మూతకున్న చిన్న రంధ్రము మూసికొనుటవలన గాని, రబ్బరు గొట్టము బీటవారుటవలన గాని ఆగిన బండికి వేలకొలది రూపాయలు వ్యయమగును. విత్తనపు అదను కూడ తప్పిపోవును. కావున ముందు లోపమున్న చోటును నిశ్చయించి, పిమ్మటనే మర విప్పవలెను.

పెట్రోలు నడచు మార్గము

చెరువు నీరు తూము దాటి, కాలువవెంట ప్రవహించి మడిని చేరునట్లు, జీపులో పెట్రోలు ట్యాంకు నుండి ఇంజనును చేరును. ఈ పాత జీపులలో ట్యాంకు డ్రైవరు ఆసనము క్రింద నుండును. అచ్చటినుండి సన్నని గొట్టము బయలుదేరును. దారిలో మట్టిని ఆపుటకు జల్లెడ గల గిన్నె యొకటి కలదు. కొన్నింట నిది ఇంజను వెనుక రేకుగోడకును, కొన్నింట పంపు మీదనే గాజుగిన్నెగాను అమర్చబడి యుండును.

పంపు ఇంజను ప్రక్కన నుండును. ఇంజను తిరుగునప్పుడు లోపలి కడ్డీ యొకటి పంపుమీటను నొక్కును. మీట ఒక పలుచని పొరను క్రిందికి లాగును. అప్పుడు ట్యాంకు నుండి పెట్రోలు పీల్చబడును. స్ప్రింగు పొరను తిరిగి పైకి నెట్టగా పెట్రోలు కార్బురేటరునకు పోవును.

కార్బురేటరులో నొక చిన్న తొట్టి కలదు. అందు తేలు బుడ్డికి ఫ్లోటు అని పేరు. తొట్టి నిండినకొలది ఫ్లోటు పైకి లేచి, సూదితో దారిని మూయును. పెట్రోలు తగ్గగానే క్రిందికి దిగి దారిని తెరచును. ఇంజను పీల్చు గాలి ఇరుకైన కంఠముగుండ పోవునపుడు, తొట్టిలోని పెట్రోలు జెట్టులను సన్నని రంధ్రములగుండ తుంపరలై గాలిలో కలియును.

ఈ తొట్టిలో నిలువయుండు పెట్రోలు స్వల్పము. పైనుండి రాక ఆగినను, ఆ నిలువతో ఇంజను కొంతసేపు నడువగలదు. జీపు చక్కగా బయలుదేరి, కొంతదూరము పోయి ఆగి, కొంతసేపటికి తిరిగి కదలుటకు సాధారణముగా నిదియే కారణము.

పనికి పూర్వము చేయవలసినది

పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు. అది నేలవెంట ప్రాకి దూరముననున్న నిప్పును కూడ అందుకొనును. కావున గడ్డివాముల కడను, కళ్ళముల కడను, తలుపులు మూసిన కొట్టములోను ఈ పని చేయరాదు. బీడీ, చుట్ట, లాంతరు దగ్గర నుండరాదు. ఇంజను చల్లారువరకు ఆగవలెను. ఒక బుట్టెడు పొడి ఇసుకను చేరువలో నుంచుకొనవలెను. మండుచున్న పెట్రోలుపై నీరు పోసినచో మంట తేలి వ్యాపించును. పెట్రోలును నోటితో పీల్చి తీయు అలవాటు మిక్కిలి అపాయకరము. ఒక గుటక ఊపిరితిత్తులలోనికి పోయినను ప్రాణమునకు ముప్పు రాగలదు.

లోపము పెట్రోలుదా, నిప్పురవ్వదా?

దీపము ఆర్పినట్లు ఇంజను ఒక్కసారిగా ఆగినచో తరచుగా విద్యుత్తు తీగలలో లోపముండును. కుంటుచు, తుమ్ముచు, బలము తగ్గుచు ఆగినచో పెట్రోలు మార్గమును అనుమానింపవలెను.

నిశ్చయించుటకు చోకు లాగి ఇంజనును కొన్ని చుట్లు త్రిప్పి, ఒక స్పార్కు ప్లగ్గును ఊడదీసి చూడవలెను. ప్లగ్గు మొన పొడిగా నున్నచో పెట్రోలు చేరుటలేదు. తడిసి పెట్రోలు వాసన వేయుచున్నచో పెట్రోలు చేరుచున్నది. నిప్పురవ్వ లేకపోవుటయో, పెట్రోలు మితిమీరుటయో కారణము.

ఇంజను నడుచుచునే బలహీనముగా నున్నయెడల చోకును సగము లాగి చూడవలెను. లాగగానే నడక బాగుపడినచో ఇంజనునకు పెట్రోలు చాలుటలేదు. మరింత చెడి నల్లని పొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువగుచున్నది. ఖర్చులేని ఈ పరీక్ష ఎన్నో అనవసరపు మరమ్మతులను తప్పించును.

మార్గమధ్యమున చూచుట

కాలువ చివరి మడికి నీరు రానప్పుడు తెలిసిన రైతు కాలువ నడుమకు పోయి చూచును. అచ్చట నీరున్నచో లోపము దిగువను, లేనిచో ఎగువను ఉన్నదని గ్రహించును. జీపులో అట్టి నడిమి స్థానము పెట్రోలు గొట్టము కార్బురేటరును చేరు చోటు.

ముందుగా తాళపుచెవి నుండి కాయిలునకు వచ్చు సన్నతీగను ఊడదీయవలెను. అప్పుడు నిప్పురవ్వ పుట్టదు. పిమ్మట కార్బురేటరు వద్ద గొట్టమును విప్పి, దాని కొనను తెల్లని గాజుసీసాలో నుంచి, ఒకరు హ్యాండిలుతో ఇంజనును త్రిప్పవలెను. దీనివలన నాలుగు విధముల ఫలితము కలుగును.

పెట్రోలు విడతలు విడతలుగా బలముగా చిమ్మినచో ట్యాంకు, గొట్టము, పంపు సరిగా నున్నవి. అప్పుడు మాత్రమే కార్బురేటరును అనుమానింపవలెను.

పెట్రోలు బుడగలతో వచ్చినచో ట్యాంకునకును పంపునకును నడుమ ఎచ్చటనో గాలి చొరబడుచున్నది. ఇచ్చట బొట్టు కారుచు కనబడదు. ఏలయనగా పంపు పీల్చుచున్నందున పెట్రోలు వెలికి రాక, గాలియే లోనికి పోవును. రబ్బరు గొట్టపు బీటలను, వదులైన బిగింపులను, గాజుగిన్నె క్రింది వాషరును వెదకవలెను.

పెట్రోలు సన్నగా కారినను, అసలు రాకున్నను, లోపము ఎగువ భాగమున నున్నది. సీసా అడుగున నీరు గాని, ఎర్రని త్రుప్పు గాని పేరుకొన్నచో లోపము ట్యాంకుదే, పంపుది కాదు.

ఎగువ భాగపు లోపములు

మొదట ట్యాంకు మూతను తెరువవలెను. తెరచునప్పుడు గాలి పీల్చు చప్పుడు వినబడి, పిమ్మట జీపు చక్కగా నడచినచో మూతలోని గాలిరంధ్రము మూసికొన్నదని తెలియును. పెట్రోలు తరిగినంత గాలి లోనికి పోనిచో, పంపు ఎంత లాగినను పెట్రోలు రాదు. మట్టి తీసి రంధ్రమును శుభ్రపరచిన చాలును.

తరువాత జల్లెడగిన్నెను కడుగవలెను. అది శుభ్రముగా నున్నను పెట్రోలు రానియెడల గొట్టమును పంపు వద్ద విప్పి, ట్యాంకు మూత తెరచియుంచి, సైకిలు పంపుతో ట్యాంకువైపు గాలి ఊదవలెను. ట్యాంకులో బుడబుడమని శబ్దము వచ్చినచో దారి తెరచుకొన్నది. అయితే దారి కడ్డమైన మురికి తిరిగి ట్యాంకులోనికే పోయినది. అడుగు మరను విప్పి, ట్యాంకును ఒకసారి పూర్తిగా ఖాళీచేసి కడుగనిచో అదే లోపము కొలది దినములలో మరల వచ్చును.

పిమ్మట పంపు. దాని పీల్పు నోటిపై బొటనవ్రేలు ఉంచి ఇంజనును త్రిప్పినచో వ్రేలు లాగబడవలెను. లాగనిచో లోపలి పొరయో, చిన్న కవాటములో చెడినవి. పంపు అడుగునగల చిన్న రంధ్రమునుండి పెట్రోలు కారుచున్నచో పొర చినిగినదనుటకు సందేహము లేదు.

పొర చినిగిన పంపుతో జీపును నడుపరాదు. చినుగుగుండ పెట్రోలు ఇంజను నూనెలోనికి దిగును. నూనెకొల పుల్లను తీసి చూచినచో నూనెమట్టము పెరిగియుండును. నూనె పలుచబడి పెట్రోలు వాసన వేయును. అట్టి నూనె బేరింగులను కాపాడజాలదు. స్వల్పమైన పొరను మార్చక ఉపేక్షించినచో ఇంజను అంతయు పాడగును. పొరతో పాటు నూనెను కూడ మార్చవలెను.

చాలకాలము నిలిచిన జీపులో తొట్టి ఎండియుండును. సెల్ఫుతో బ్యాటరీని ఖాళీచేయుటకు బదులు, పంపునకు చేతిమీట యున్నచో దానితో తొట్టిని నింపవలెను. మీట బరువు లేక వదులుగా కదలినచో పంపు చెడినదని తలపరాదు. లోపలి కడ్డీ పంపును నొక్కి పట్టియుండవచ్చును. ఇంజనును ఒక చుట్టు త్రిప్పి మరల చూడవలెను.

కార్బురేటరులోని లోపములు

ఇంజను వేగముగా బాగుగ నడచి, నెమ్మదిగా నున్నప్పుడు ఆగిపోవుచున్నచో నెమ్మదినడక జెట్టు మూసికొని యుండవచ్చును. లేక కార్బురేటరు క్రింది బిగింపులు వదులై గాలి చొరబడుచుండవచ్చును. వట్టిగా బాగుగ నడచి, బరువుతో మిట్ట ఎక్కునప్పుడు బలము తగ్గినచో పెద్ద జెట్టును చూడవలెను. రేసు తొక్కగానే ఒక క్షణము తడబడినచో కార్బురేటరులోని చిన్న పిచికారి పంపు అరిగినది.

కార్బురేటరు పొంగి పొర్లుచున్నచో సూది క్రింద నలుసు చిక్కియుండును; లేదా ఫ్లోటునకు చిల్లుపడి యుండును. ఇత్తడి ఫ్లోటును చెవి వద్ద ఊపినచో లోపలి పెట్రోలు చప్పుడగును. పొయ్యికి దూరముగా, వేడినీటిలో ముంచినచో చిల్లు ఉన్నచోట బుడగలు లేచును.

జెట్టులను తీగతోగాని, సూదితోగాని పొడువరాదు. ఇత్తడి మెత్తని లోహము. వెండ్రుకవాసి పెద్దదైనను రంధ్రపు కొలత చెడి, నాటినుండి పెట్రోలు వృథాయగును. శుభ్రమైన పెట్రోలుతో కడిగి, సైకిలు పంపుతో ఊదిన చాలును.

ఎండలో ఆగు జీపు

వేసవి మధ్యాహ్నమున జీపు ఆగి, చల్లారిన పిమ్మట దానంతట అది కదలినచో, వేడికి గొట్టములో పెట్రోలు ఆవిరియై పంపు పనిని ఆపినదని గ్రహింపవలెను. నీడన ఆపి, తడిగుడ్డను పంపుపై చుట్టిన త్వరలో కుదుటపడును. పొగగొట్టమునకు తగులుచున్న పెట్రోలు గొట్టమును దూరముగా జరుపుటయే శాశ్వతమైన మార్గము.

ఇథనాలు కలిసిన పెట్రోలు

మన దేశమున 2022 జూను నాటికి పెట్రోలులో సగటున నూటికి 10 పాళ్లు ఇథనాలు కలుపుట సాధింపబడెను. నూటికి 20 పాళ్లు కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. పాత జీపులు దీనికొరకు నిర్మింపబడినవి కావు. కావున మూడు విషయములు గమనింపవలెను.

మొదటిది, ఇథనాలు పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తబరచును. గొట్టములను, పంపుపొరను మార్చునప్పుడు ఇథనాలునకు తట్టుకొను రకమునే అడిగి కొనవలెను. రెండవది, ఇథనాలు నీటిని పీల్చును. తేమ మితిమీరినచో ఇథనాలును నీరును కలిసి అడుగునకు దిగును, ట్యాంకు త్రుప్పుపట్టును. కావున పనిలేని నెలలలో పెట్రోలును ట్యాంకులో నిలువయుంచక, తొట్టితో సహా తీసివేయుట మంచిది. మూడవది, తూకమున ఒక పాలు పెట్రోలు మండుటకు సుమారు 15 పాళ్ల గాలి కావలెను. ఇథనాలునకు 9 పాళ్లే చాలును. కనుక పాత జెట్టుతో ఇంజనునకు ఇంధనము కొంత తక్కువపడును. ఇతర లోపమేదియు లేక, చోకు కొంచెము లాగిననే జీపు బాగుగ నడచుచున్నచో, మిస్త్రీచే ఒక మెట్టు పెద్ద జెట్టు వేయించవచ్చును.

రైతు జ్ఞాపకముంచుకొనవలసిన వరుస

ముందు ప్లగ్గు తడి చూడవలెను. పిమ్మట ట్యాంకు మూత తెరువవలెను. తరువాత కార్బురేటరు వద్ద గొట్టము విప్పి సీసాలో పట్టవలెను. పెట్రోలు రానిచో ఎగువకు, వచ్చినచో దిగువకు వెదకవలెను. ఒకసారి ఒక్క మార్పునే చేసి, ఫలితము చూచి, పిమ్మట రెండవది చేయవలెను. నాలుగు మార్పులు ఒకటిగా చేసినవానికి జీపు బాగుపడినను, ఏది చెడినదో తెలియదు. మరల ఆగిననాడు మొదటినుండి వెదకవలసివచ్చును. ఈ వరుసను పాటించిన రైతు మిస్త్రీకి బండిని అప్పగించునప్పుడు కూడ లోపమున్న చోటును చెప్పగలడు. చెడని భాగమునకు వెల చెల్లింపడు.